నాయనమ్మా, ఆ మేడకి మెట్లెన్ని?

కొర్వాలిస్, ఒరెగాన్
ఆదివారం రాత్రి

నాయనమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. నువ్వు, అమ్మా నాన్నా, తమ్ముడు కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోన్‌లో నా మాట నీకు సరిగా వినపడటం లేదు. స్పీకర్ పెడితేనేమో "గోలగా ఉంది, పెట్టెయ్" అంటున్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడు చదివి వినిపిస్తాడు. ఒరేయ్, పొడుగ్గా ఉందని మధ్యలో దాటేశావంటే నాయనమ్మ పట్టేస్తుంది, ముందే చెప్తున్నా.

నేను బయల్దేరే రోజు నువ్వొక మాటన్నావు, గుర్తుందా? "నీళ్ల గురించి చదవడానికి అన్ని నీళ్లు దాటిపోవాలా, మనూళ్లో తక్కువయ్యాయా?" అని. అందరూ నవ్వారు. నాకు జవాబు తోచలేదు. రెండేళ్లయింది కదా, ఇప్పుడు కొంత చెప్పగలననుకుంటున్నా.

ఈ ఊరి నుంచి సముద్రానికి కారులో గంట పడుతుంది. కానీ నేను పనిచేసే షెడ్డులోనే అలలు లేస్తాయి. మన పంట కాలవలాంటి కాంక్రీటు తొట్టి ఒకటుంది. పొడవు 104 మీటర్లు, వెడల్పు 3.7, లోతు 4.6. ఒక చివర గోడంత పలకను యంత్రం ముందుకు తోస్తుంది. నీళ్లు ఒక్క ముద్దగా లేచి అవతలి ఒడ్డుకు పరుగెత్తుతాయి. పక్కనే ఇంకో వెడల్పాటి కొలను ఉంది, అది సునామీల కోసం. అందులో బొమ్మ ఊళ్లు కట్టి ముంచుతారు. తమ్ముడు వీడియో చూసి "ఇదేదో చిన్నపిల్లల ఆటలా ఉందే" అన్నాడు. వాడన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మా సీనియర్లు చెక్క ఇళ్లను అసలులో ఆరో వంతు సైజుకి కట్టి, ఒకదాన్ని నేల మీద, ఇంకోదాన్ని స్తంభాల మీద నిలబెట్టి, అల ఎత్తు కొంచెం కొంచెంగా పెంచుతూ కొట్టించారు. నేల మీది ఇల్లు ముందే పోయింది. స్తంభాల మీది ఇంటి అడుగుకి అల తల తగిలేదాకా దానికేమీ కాలేదు. నీకు ఇందులో వింతేమీ కనపడదని నాకు తెలుసు. ఇంజనీరుకి మాత్రం ఎంత ఎత్తులో, ఎంత బలానికి, ఏ మేకు ముందు ఊడుతుందో అంకెల్లో కావాలి.

నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. నీళ్ల ఎత్తు కొలవడానికి తొట్టిలో వరసగా సన్నటి తీగలు నిలబెడతాం. వాటిని పొద్దున్నే తెలిసిన నీటిమట్టంతో సరిచూసుకోవాలి. మన ఊరి కాటావాడు రాళ్లు పెట్టి తూకం చూసుకున్నట్టే. పోయిన నెల ఒకరోజు హడావుడిలో నేనది మర్చిపోయాను. సాయంత్రం చూస్తే అలల ఎత్తులన్నీ తప్పు. ఐదుగురు పొద్దున్నుంచీ చేసిన పని గంగపాలు. ఎవరూ ఒక్క మాటనలేదు, అదే ఇంకా టెన్షన్. ఇంటికొచ్చి అన్నం కూడా వండుకోలేదు.

సరే, వీళ్లకి ఇంత భయమెందుకంటావా? ఇక్కడి తీరానికి అవతల సముద్రం అడుగున వెయ్యి కిలోమీటర్ల పొడవునా ఒక నేలపలక ఇంకోదాని కిందికి దూరుతోంది. దాన్ని కాస్కేడియా అంటారు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుని ఉన్నాయి. ఆ పట్టు ఊడినప్పుడు పెద్ద భూకంపం, వెంటనే సునామీ. చివరిసారి ఊడింది 1700 జనవరి 26 రాత్రి. అప్పట్లో ఇక్కడ కాగితం మీద రాసిపెట్టేవాళ్లు లేరు. ఆదివాసుల కథల్లో మాత్రం ఊళ్లు కొట్టుకుపోయిన సంగతులున్నాయి. మరి తేదీ ఎలా తెలిసిందంటే, అదే నాకు అన్నిటికన్నా నచ్చిన కథ. భూకంపంతో తీరం ఒక్కసారిగా మీటరో రెండు మీటర్లో దిగిపోయి దేవదారు అడవుల్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి. చెట్లు నిలబడ్డచోటే చచ్చిపోయాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో కొపాలిస్ నది ఒడ్డున ఆ మోళ్లు ఇప్పటికీ తెల్లగా నిలబడి ఉన్నాయి. వాటి వలయాలు లెక్కపెడితే 1699 వేసవి తర్వాత పెరగలేదని తేలింది. అవతల జపానులో అదే చలికాలం, భూమి అదరకుండానే సముద్రం ఊళ్లోకి వచ్చిందని రాసిపెట్టుకున్నారు. ఎక్కడిదో తెలియని ఆ అల ఇక్కడిదే. చెట్టు మోడూ, జపాను లెక్కల పుస్తకమూ కలిస్తే తేదీ దొరికింది.

ఇప్పుడది మళ్లీ వస్తే భూమి మూడు నాలుగు నిమిషాలు ఊగుతుంది. ఆ తర్వాత తీరం ఊళ్లకి 15 నుంచి 30 నిమిషాలే టైముంటుంది. మన తుఫానుకైతే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది కదా. వీళ్లకి భూమి ఊగడమే సైరను. అది ఆగీ ఆగకముందే మెరక వైపు నడక మొదలెట్టాలి.

అందుకే వీళ్ల చదువంతా నడక మీదకి వచ్చింది. ఒరెగాన్ భూగర్భ శాఖ వాళ్లు తీరం ఊళ్లకి మ్యాపులు గీశారు. అల కన్నా ముందు గట్టెక్కాలంటే ఏ వీధిలో వాళ్లు ఎంత వేగంతో నడవాలో రంగుల్లో ఉంటుంది: ఇక్కడైతే మామూలు నడక, ఇక్కడ గబగబా, ఇక్కడ పరుగే. పోయిన వారం మమ్మల్ని న్యూపోర్ట్ తీసుకెళ్లి ఆ దారుల్లో స్టాప్‌వాచి పెట్టి నడిపించారు. నా పక్కనున్న అబ్బాయి పొడుగు కాళ్లతో దూసుకుపోయాడు. నేను మాత్రం నీ నడక నడిచాను. నిజం, ఎడమ మోకాలు లాగుతూ, గుడికి వెళ్లేటప్పుడు రావిచెట్టు దగ్గర ఆగుతావే, అలా ఆగి మరీ నడిచాను. అందరికన్నా ఆఖరున చేరాను. మా ప్రొఫెసర్ మేడమ్ ఆ టైమునే ముందు రాసుకుంది, "మ్యాపుకి కావాల్సింది ఇదే" అని.

న్యూపోర్ట్‌లో మా యూనివర్సిటీదే సముద్ర పరిశోధన కేంద్రం ఉంది, సరిగ్గా సునామీ వచ్చే పల్లంలో. అక్కడే 2020లో మూడంతస్తుల భవనం తెరిచారు. కిందంతా క్లాసులు, ల్యాబులు. కప్పు మాత్రం జనం ఎక్కడానికి. 47 అడుగుల ఎత్తు, 900 మందికి పైగా పడతారు. బయట నుంచి వాలుదారి ఉంది, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా ఎక్కొచ్చు. మునిగే చోటే ఇంత డబ్బు పోసి కట్టడమేంటని ఇక్కడి శాస్త్రవేత్తలే గట్టిగా వాదించారట. నాకూ ఆ వాదన సబబే అనిపించింది, ఆ కప్పు మీద నిలబడేదాకా. చుట్టూ చూస్తే పడవలు, షెడ్లు, పనివాళ్లు. వాళ్లని అక్కణ్ణించి లేపేసే శక్తి ఎవరికుంది? వెస్ట్‌పోర్ట్ అనే ఊళ్లో ఇంకా ముందే, 2016లో, బడి కప్పునే ఇలా కట్టుకున్నారు. అమెరికాలో అదే మొదటిదట. అందుకు ఊరివాళ్లే ఓటేసి తమ మీద పన్ను వేసుకున్నారు.

ఆ కప్పు మీదే నీ సంగతి చెప్పాను. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన రోజు. పెద్దగా ఏం చెప్పలేదులే, నువ్వెప్పుడు పెద్దగా చెప్పావు గనక? నాన్నని చంకనేసుకుని కరణంగారి మేడెక్కావని, గేదె పలుపు విప్పకుండా వచ్చేశానని ఇప్పటికీ అంటావని చెప్పాను. దివిసీమలో ఎక్కడానికి గుట్ట అన్నది లేదు, ఎవరిదో ఒక మేడ, లేదా తాటిచెట్టు, అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకమ్మాయి అడిగింది, ముందుగా రేడియోలో చెప్పలేదా అని. నువ్వన్నమాటే చెప్పాను: "గాలివాన అన్నారు. ఉప్పెన అనలేదు." మేడమ్ ఆ మాట మళ్లీ చెప్పించుకుని నోట్‌బుక్‌లో రాసుకుంది. హెచ్చరికలో ఏ మాట వాడితే జనం కదులుతారన్నది వీళ్ల పరిశోధనలో పెద్ద ప్రశ్న. ఇక్కడి మాటకి అంత బరువు లేదు. మనకేమో 'ఉప్పెన' అన్న ఒక్క మాట చాలు.

ఇప్పుడు పనిలోకి వస్తాను. నువ్వోసారి "పైన రెండు మెట్లే మిగిలాయి" అన్నావు. అప్పుడు నేను కథలా విన్నాను. ఇప్పుడు నీళ్లెంత ఎత్తు లేచాయో లెక్కకట్టడానికి ఆ రెండు మెట్లు నాకు కావాలి. కరణంగారి మేడ కూలిపోయినా మెట్లున్నాయని నాన్న అన్నాడు. ఒరేయ్ తమ్ముడూ, టేపు పట్టుకెళ్లి ఒక్కో మెట్టు ఎత్తు సెంటీమీటర్లలో కొలువు, మొత్తం ఎన్నో లెక్కపెట్టు. కింద నేల అప్పటికీ ఇప్పటికీ మెరకయిందేమో నాయనమ్మనడుగు. వీధిలో రోడ్డు ఎత్తు పెంచారు కదా, అది కలిపేయకు. మన ఇంటి నుంచి ఆ మెట్ల దాకా నాయనమ్మని మెల్లగా నడిపించి టైము కూడా చూడు. ఎండలో వద్దు, సాయంత్రం.

నాయనమ్మా, నిన్నొకటి అడగాలి. చెప్పాలనిపిస్తేనే చెప్పు. నీళ్లు ముందు ఎటు నుంచి వచ్చాయి, సముద్రం వైపు నుంచా, కృష్ణ వైపు నుంచా? చప్పుడు ముందు వినపడిందా, నీళ్లు ముందు కనపడ్డాయా?

అమ్మతో చెప్పు, ఆవకాయ పోయినసారి నూనె కారి బట్టలన్నీ పాడయ్యాయి. ఈసారి మూతకి టేపు రెండు చుట్లు ఎక్కువ వెయ్యమను.

నీ పెద్ద మనవరాలు