గేమ్స్ పీరియడ్ మానిపించే ముందు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, గేమ్స్ పీరియడ్ మానిపించి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టమని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. "మా అమ్మాయి స్కూల్ టీంకే సెలక్ట్ కాలేదు కదా మేడం, ఇంకా ఆటలెందుకు?" అంటున్నారు. పదో తరగతి అంటే ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ ఈ మాటతో మాత్రం నేను ఏకీభవించలేను.

సానియా మీర్జా సంగతే చూడండి. మన హైదరాబాద్‌లో పెరిగిన అమ్మాయి. ఆరేళ్లప్పుడు టెన్నిస్ రాకెట్ పట్టింది, నాన్న ఇమ్రాన్ మీర్జా దగ్గరుండి నేర్పించారు. 2005లో, పద్దెనిమిదేళ్లకే, హైదరాబాద్ ఓపెన్ గెలిచి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది, 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. ఇదంతా పేపర్లలో వచ్చిందే, మీకూ తెలిసే ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆమె బలమంతా ఫోర్‌హ్యాండ్, అంటే అరచేయి ముందుకు ఉండేలా కొట్టే షాట్, ఆ షాట్‌కి ప్రాణం మణికట్టు, సరిగ్గా ఆ మణికట్టుకే గాయమైంది. ఆపరేషన్, నెలల తరబడి విశ్రాంతి, మళ్లీ గాయాలు... చివరికి 2013లో సింగిల్స్ వదిలేసింది. "ఇక అయిపోయింది" అనుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? ఆమె మాత్రం ఆట మానలేదు, డబుల్స్ మీదే మనసు పెట్టింది. వెనక నుంచి తన ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర తన డబుల్స్ జోడీ మార్టినా హింగిస్ చురుకుదనం, ఈ రెండూ కలిసి 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిపించాయి. మధ్యలో వరుసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ నంబర్ వన్ అయింది, మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. 2018లో బాబు పుట్టాక కూడా తిరిగొచ్చి 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది, నాకు అన్నిటికంటే ఇష్టమైన గెలుపు అదే!

మన పిల్లలందరూ సానియాలు కావాలని నేను అడగడం లేదండీ. వాలీబాల్‌లో చోటు దొరకని అమ్మాయికి ఖోఖో బాగా కుదరొచ్చు, పరుగులో వెనకబడ్డవాడు షాట్‌పుట్‌లో రాణించొచ్చు, అది తేలాలంటే వాళ్లు గ్రౌండ్‌లో ఉండాలి కదా. తొమ్మిదో తరగతిలోనే తలుపు మూసేస్తే ఆ సంగతి వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు.

అందుకే ఈ ఏడాది తొమ్మిది, పది తరగతులకు గేమ్స్ పీరియడ్లు తీసేయడం లేదు, స్టడీ అవర్ సాయంత్రమే ఉంటుంది. టీంలో లేని పిల్లలతో పీఈటీ సార్ వేరే ఆటలు కూడా ఆడించి చూస్తారు. మోకాలు, మణికట్టు, మడమ ఎక్కడ నొప్పి ఉన్నా డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి, తగ్గేదాకా ఆడించం. గేమ్స్ ఉన్న రోజు స్పోర్ట్స్ షూస్, నీళ్ల సీసా మర్చిపోకుండా పంపించండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు