ఆ రాత్రి రిపోర్టు కోసం ఆగని డాక్టర్ గారికి

నా రక్తక్యాన్సర్‌కు చికిత్స ముగిసి రెండేళ్లు నిండాయి. మొన్న చూపించుకోవడానికి వెళ్తే డాక్టర్ గారు నా ఫైలు మూసి, "ఇక ఆరు నెలలకోసారి వచ్చి కనిపిస్తే చాలమ్మా" అన్నారు. ఆ మాట విన్న రోజున నలుగురిలో ఆవిడకు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఎప్పుడో మొక్కుకున్నంత గట్టిగా అనుకున్నాను. పేరు మాత్రం రాయవద్దని ఆవిడే కోరారు. అందుకే ఇక్కడ డాక్టర్ గారు అనే రాస్తున్నాను.

అంతకన్నా ముందు నమస్కరించవలసిన మనిషి ఒకరున్నారు. నా పళ్ల డాక్టరు. నాలుగు రోజులుగా చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే పన్ను పుచ్చిందేమో అనుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. నోరు చూశారు, మోచేతుల మీద కమిలిన మచ్చలు చూశారు. "ఇది పంటి జబ్బు కాదు. నేను ఏ పన్నూ ముట్టుకోను. ఈ రోజే రక్తపరీక్ష చేయించుకోండి" అన్నారు. లక్షన్నరకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు నాకు 11 వేలే ఉన్నాయి. ఆ పూట ఆయన పన్ను పీకి ఉంటే ఆ రక్తాన్ని ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

సాయంత్రం ఆరు దాటాక ఆసుపత్రిలో చేరాను. రాత్రి డ్యూటీలో ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ నా రక్తపు చుక్క పూసిన స్లైడు చూశాడు. రిపోర్టు రాసే వరకు కూడా ఆగకుండా డాక్టర్ గారికి నేరుగా ఫోను చేశాడు. ఆవిడ ఇంటి నుంచి బయలుదేరి వచ్చారు. మా అన్నయ్యను ల్యాబులోకి పిలిచి మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టారు. "బాబూ, ఈ కణంలో ఎర్రటి సన్నటి పుల్లలు కనిపిస్తున్నాయా? కట్టెల మోపు కట్టినట్టు గుత్తిగా ఉన్నాయి చూడండి. ఈ మోపు కనిపించాక నేనిక రిపోర్టు కోసం ఆగను."

జబ్బు పేరు ఆక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా. రక్తక్యాన్సర్లలో ఇది ఒక ప్రత్యేకమైన రకం. 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారిపోవడం వల్ల తెల్లకణాలు సగం ఎదిగి అక్కడే ఆగిపోతాయి. ఎదగని ఆ కణాలు ఎముకల మజ్జ నిండా పేరుకుంటాయి. పైగా రక్తం గడ్డకట్టే ఏర్పాటునంతా చిందరవందర చేస్తాయి. అందుకే ఈ జబ్బులో ప్రాణం తీసేది చాలాసార్లు క్యాన్సర్ ముదరడం కాదు, మొదటి రోజుల్లో మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో జరిగే రక్తస్రావం. క్రోమోజోముల మార్పును నిర్ధారించే పరీక్ష ఫలితం రావడానికి రోజులు పట్టవచ్చు. ఆ లోగా ఆట్రా అనే మందు మొదలుపెట్టాలి. అనుమానం తప్పని తేలితే మందు మానేయవచ్చు, పెద్ద నష్టం ఉండదు. ఆలస్యమై మెదడులో రక్తం చిమ్మితే మాత్రం చేయగలిగింది ఏమీ ఉండదు. ఇదంతా డాక్టర్ గారు ఆ రాత్రే, నా మంచం పక్కన నిలబడి, తొందర లేని గొంతుతో చెప్పారు. నర్సు అరచేతిలో పెట్టిన క్యాప్సూళ్లను రక్తం రుచి నిండిన నోటితోనే మింగాను.

ఆవిడ ముప్పై ఏళ్లుగా లుకేమియా రోగులను చూస్తున్నారు. వైద్యంతో పాటు పరిశోధన కూడా చేస్తారని వార్డులో అందరూ అంటుంటే, ఎక్కడో గాజు గొట్టాల మధ్య సాగే పని అనుకున్నాను. నిజంగా ఆవిడ ఇన్నేళ్లుగా పట్టుకుని కూర్చున్న ప్రశ్న వేరు. మందు ఉన్న జబ్బుతో మనుషులు మొదటి నెలలోనే ఎందుకు చనిపోతున్నారు? దానికి జవాబు వెతుకుతూ ప్రతి రోగికీ రెండు సమయాలు రాసుకున్నారు. ఆసుపత్రిలో అడుగుపెట్టిన సమయం ఒకటి, మొదటి క్యాప్సూల్ మింగిన సమయం ఒకటి. ఆ రెండింటి మధ్య గంటలు ఎక్కడ పోతున్నాయో లెక్క తీశారు. కొన్ని రిపోర్టు టైపు కావడంలో, కొన్ని సంతకం కోసం ఎదురుచూడటంలో, కొన్ని మందుల గది తాళం చెవిలో పోతున్నాయి. ఒక్కొక్కటే సరిచేస్తూ వచ్చారు. రాత్రి డ్యూటీ టెక్నీషియన్లందరికీ ఆ కట్టెల మోపు చూపించి, "ఇది కనిపిస్తే ఎవరినీ అడగకుండా నాకు ఫోను చేయండి" అని చెప్పి పెట్టారు. ఆ రాత్రి నా కోసం మోగిన ఫోను వెనుక అన్నేళ్ల పని ఉంది. ఇంతకన్నా గొప్ప పరిశోధన ఉంటుందేమో నాకు తెలియదు. నా వరకు ఇదే గొప్పది.

నేను పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పే మనిషిని. కాస్త కూర్చోగలిగాక ప్రశ్నలతో ఆవిడను విసిగించాను. ఒక్క రోజూ విసుక్కోలేదు. ఆట్రా విటమిన్ ఎ కుటుంబానికి చెందినది. చెడ్డ కణాలను చంపకుండా, ఆగిపోయిన ఎదుగుదలను ముందుకు నడిపించి వాటిని మామూలు కణాలుగా మార్చవచ్చునని షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ అనే వైద్యుడు ఆలోచించారు. 1985లో అయిదేళ్ల పాపకు ఇచ్చి చూస్తే ఆ పాప కోలుకుంది. 1988లో ఆయన బృందం 24 మంది రోగుల ఫలితాలను ప్రచురించింది. నాకు ఎక్కించిన రెండో మందు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, మన పెద్దలు శంఖపాషాణం అని భయపడే పదార్థమే. 1970ల్లో చైనాలోని హార్బిన్ నగరంలో ఝాంగ్ తింగ్‌దోంగ్, ఆయన సహచరులు దాన్ని ఈ జబ్బుకు మందుగా నిలబెట్టారు. ఆ పేరు వినగానే మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టర్ గారు అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, పాషాణమే. కొలిచి ఇస్తున్నాం, గుండె లయ చూస్తూనే ఉన్నాం. నా కూతురైనా ఇదే ఇచ్చేదాన్ని" అన్నారు. వారానికి రెండు ఈసీజీలు తీయించి, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గకుండా చూస్తూ ఆ మాట నిలబెట్టుకున్నారు.

ఎనిమిదో రోజు ఉదయం జరిగింది చెప్పకుండా ఉండలేను. రోజూ నా బరువు ఆవిడే దగ్గరుండి చూసేవారు. క్యాన్సర్ రోగి బరువు పెరిగితే సంతోషించాలి కదా అనుకునేదాన్ని. ఆ రోజు ముల్లు నాలుగు కిలోలు ఎక్కువ చూపించింది. ఆవిడ ముఖం మారింది. వంగి నా కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కారు. వేలు తీశాక ఆ గుంట అలాగే ఉండిపోయింది. ఎదుగుతున్న కణాలు ఒక్కసారిగా రెచ్చిపోయి ఒంట్లో నీరు చేరుస్తాయట. అలాగే వదిలేస్తే ఊపిరితిత్తులు నిండుతాయట. నాకు ఆయాసం మొదలయ్యేలోపే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడింది. మధ్యాహ్నానికి ఆయాసం రానే వచ్చింది, రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను, తగ్గింది. ఆ బొటనవేలి గుంటను నేను ఈ జన్మలో మరిచిపోను.

నాకు మామూలు కీమోథెరపీ ఇవ్వలేదు, జుట్టు రాలలేదు. తెల్లకణాలు తక్కువగా ఉన్న నాలాంటి రోగులకు ఈ రెండు మందులే చాలునని చూపించిన ఇటలీ, జర్మనీ వైద్యుల అధ్యయనం 2013లో వచ్చింది, ఫ్రాంచెస్కో లో-కోకో నాయకత్వంలో. రెండేళ్ల నాటికి జబ్బు తిరగబెట్టకుండా, మరే ఆపదా లేకుండా ఉన్నవారు ఈ పద్ధతిలో 97 శాతం, కీమోథెరపీ కలిపిన పద్ధతిలో 86 శాతం. ఏ మందు తమ వంతుకు వస్తుందో ముందుగా తెలియకుండానే ఆ అధ్యయనంలో చేరడానికి ఒప్పుకుని సంతకం పెట్టిన రోగులు 150 మందికి పైనే. వాళ్ల పేర్లు నాకెప్పటికీ తెలియవు. వాళ్లందరికీ ఇక్కడి నుంచే నమస్కారం.

పక్క మంచం మీద మరో రకం లుకేమియాతో ఒక బాబు ఉండేవాడు. వాడి మందుల్లో మెథోట్రెక్సేట్ ఉంది. అది మన తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం చేసిన మందని డాక్టర్ గారు చెప్తే, ఆ తండ్రి మందు అట్టను కళ్లకద్దుకున్నాడు.

రక్తం ఇచ్చినవారు ఎవరో నాకు తెలియదు. మొదటి రెండు వారాల్లో రోజూ ప్లేట్‌లెట్లు ఎక్కాయి, గడ్డకట్టే పదార్థాల సంచులు ఎక్కాయి. అర్ధరాత్రి ఫోను వెళ్తే లేచి వచ్చినవారు ఉన్నారట. చేతుల్లో నరం దొరక్క నేను ఏడిస్తే తానూ కన్నీళ్లు పెట్టుకున్న నర్సు అక్కకు, ఆ రాత్రి ఫోను చేసిన టెక్నీషియన్ తమ్ముడికి, ఎనిమిది నెలలు నా తరగతులు కూడా తామే చెప్పిన తోటి ఉపాధ్యాయులకు చేతులెత్తి మొక్కుతున్నాను. అన్నయ్యకు ఇంట్లోనే చెప్పుకుంటాను.

మొన్న వెళ్లినప్పుడు ఆవిడ రోగుల సమయాలు రాసుకున్న ఆ పుస్తకం చూపించమని అడిగాను. పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. వేలు జరుపుతూ నా వరుస దగ్గర ఆగారు. 6.10 నుంచి 10.50 వరకు. నాలుగు గంటల నలభై నిమిషాలు. "మీకు కొంచెం ఆలస్యమైందమ్మా" అన్నారు, నిజంగా బాధపడుతూ. పేజీ తిప్పి చివరి వరుస చూపించారు. పోయిన వారం వచ్చిన మనిషిది. రెండు గంటల అయిదు నిమిషాలు.