ఆ పుస్తకం ఇంకో ఇంట్లో ఉండిపోయింది: విద్యాశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. అమ్మానాన్నలు విడిపోతే, నిన్నటిదాకా ముందు బెంచీలో కూర్చున్న పిల్లవాడు వెనక్కి జరుగుతాడు. హోంవర్క్ ఏదంటే పుస్తకం అమ్మ దగ్గర ఉండిపోయిందని, ఈ వారం నాన్న దగ్గరున్నానని అంటాడు. సాకు అనుకుంటాం. నేనూ అనుకున్నాను, తిట్టాను కూడా.

1991లో పాల్ అమాటో, బ్రూస్ కీత్ అనే పరిశోధకులు 92 అధ్యయనాలను కలిపి చూశారు. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు చదువులో సగటున కొంత వెనకబడ్డారు గానీ, ఆ తేడా పెద్దదేమీ కాదు. పెద్దవాళ్ల మధ్య ఆగని గొడవలే పిల్లల్ని ఎక్కువగా నలిపేస్తాయి. కాబట్టి "వీడింక చదవడు" అని స్టాఫ్‌రూమ్‌లో తేల్చేయడం అన్యాయం.

పిల్లలు ఎవరి దారి వాళ్లు వెతుక్కుంటారు. ఒకరు ఆటల్లో పడతారు, ఒకరు స్నేహితురాలికి అన్నీ చెప్పుకుంటారు. ఇంకొకరు తమ్ముడి చదువు, అమ్మ కన్నీళ్లు అన్నీ తమ నెత్తినేసుకుని ఒక్కసారిగా పెద్దరికం తెచ్చుకుంటారు. వాళ్లను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం వాళ్ల గురించే టెన్షన్.

తల్లిదండ్రులిద్దరితో సంబంధం నిలుపుకునే హక్కు పిల్లలకుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం చెబుతోంది. మరి ప్రోగ్రెస్ కార్డు ఒక్కరికే ఎందుకు? కోర్టు వద్దనకపోతే ఇద్దరికీ పంపించండి. ఫారాల మీద ఏ ఒక్కరి సంతకమైనా చాలనండి. రెండో జత పాఠ్యపుస్తకాలు ఇప్పించండి. వారానికోసారైనా కౌన్సెలర్‌ను పంపండి, మార్కుల గురించి మాట్లాడని మనిషిని.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్