ఓటరును తిడితే ఏం లాభం?

సంపాదకులు గారికి,

"అందరూ తిట్టుకునే పార్టీయే మళ్లీ మళ్లీ ఎట్లా గెలుస్తుంది, జనానికి బుద్ధి లేదా?" అనే మాట మా కనిగిరి టీ కొట్ల దగ్గర తరచూ వింటుంటాను. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం 42 లోక్‌సభ సీట్లలో 41 దానికే ఇచ్చింది. అదే జనం 1983 జనవరిలో, పుట్టి ఏడాది కూడా నిండని తెలుగుదేశానికి అధికారం అప్పగించారు. నమ్మి ఓటేయడానికి ఇంకో పార్టీ దొరికింది, అంతే.

ఇంకోటి, మన ఎన్నికల్లో సగం ఓట్లు రావాల్సిన పనే లేదు. 2014లో బీజేపీకి 31 శాతం ఓట్లతో 282 సీట్లొచ్చాయి. మిగతా ఓట్లు చీలిపోయాయి.

వీటన్నిటికంటే పెద్దది భయం. మా వీధి పెద్దావిడ ఒకామె పింఛను డబ్బులు కొంగున ముడేసుకుంటూ, "రోడ్డు లేదు, నీళ్లు లేవు, నిజమే నాయనా, కానీ వీళ్లు పోతే ఇది కూడా ఆపేస్తారేమో" అంది. నెల నెలా బీపీ మాత్రలు కొనుక్కోవాల్సిన మనిషికి అది చిన్న టెన్షన్ కాదు. ప్రతిపక్షాల వాళ్లేమో ఎన్నికల ముందు వచ్చి మా ఫ్లోరైడ్ నీళ్ల గురించి గొంతు చించుకుంటారు, ఓడిపోయాక ఫోన్ కూడా ఎత్తరు. ఆవిడ పింఛను ఆగితే ఎంపీడీవో ఆఫీసు దాకా వెంట వెళ్లే మనిషి ఆ పార్టీల్లో ఊరికొకరన్నా ఉన్నారా? ముందు వాళ్లను అడగండి.

– ఒక పాఠకుడు, కనిగిరి