ఎడమచేతి నాడి పట్టుకుని చదువు

విజయనగరం

చిరంజీవి చిన్నబాబుకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రిపోర్టులు అందాయి. ఇసిజి, ఎకో, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి, ఆ దడ ఒత్తిడి వల్లేనని డాక్టరుగారు రాశారు కదా, ఆ ముక్క మీ అమ్మ నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుని అప్పుడు గానీ కాఫీ పెట్టలేదు. ఇక నువ్వడిగిన సంగతి. శ్వాస నేర్పిస్తామని ఆన్‌లైన్‌లో ఎవరో 18,000 అడుగుతున్నారు, కట్టనా అన్నావు. కట్టకు. వాళ్లు చెప్పేది అబద్ధమని కాదు, అందులో పనికొచ్చేదంతా ఒక ఉత్తరంలో పట్టేస్తుంది. ఫోన్లో చెబితే "ఊఁ, ఊఁ" అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు, అందుకే కాగితం తీశాను. జీవితమంతా ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, కాస్త పాఠంలా ఉంటే ఓర్చుకో.

ముందు ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకో. మెల్లగా పీల్చు, మెల్లగా వదులు. పీల్చేటప్పుడు నాడి కొంచెం తొందరపడుతుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1847లోనే దీన్ని గీతలుగా రికార్డు చేశాడు. ఇది జబ్బు కాదు. మెదడు నుంచి వేగస్ అనే నరం గుండెకి దిగి దాన్ని ఎప్పుడూ కాస్త పట్టి ఉంచుతుంది. పీల్చినప్పుడు ఆ పట్టు సడలుతుంది, వదిలినప్పుడు బిగుస్తుంది. నీ వాచీలో పొద్దున్నే చూసుకుని బెంగపడుతున్నావే, హెచ్‌ఆర్‌వి అని, దాని మూలం చాలావరకు ఇక్కడే ఉంది. ఒక దెబ్బకీ తర్వాతి దెబ్బకీ మధ్య వ్యవధి ఎంత మారుతోందో అది చెప్తుంది. ఏ తేడా లేకుండా సమంగా కొట్టుకునేదే మంచి గుండె అనుకుంటారు జనం, అది నిజం కాదు. ఒళ్లు అలిసిపోయినా, నిద్ర చాలకపోయినా తగ్గిపోయేది ఆ తేడాయే. వయసుతోనూ తగ్గుతుంది. రాత్రి మందు పుచ్చుకున్నా తగ్గుతుంది (నేను అడగను, నువ్వు చెప్పకు). మనిషికీ మనిషికీ బాగా మారుతుంది కాబట్టి పక్క సీటువాడి అంకెతో నీకు పనిలేదు. లయ తప్పి కొట్టుకునే గుండెకి కూడా ఈ అంకె పెద్దదే వస్తుంది, అంచేత ఇసిజి తీయించుకోకుండా వాచీ మాట నమ్మకూడదు. నువ్వు తీయించుకున్నావు, మంచిపని చేశావు.

ఇప్పుడు అసలు పాఠం. మెడలో కెరోటిడ్ ధమని దగ్గర, గుండె పైన బృహద్ధమని వంపు దగ్గర, రక్తపోటును కనిపెట్టే నరాల కొసలుంటాయి. పోటు పెరిగితే అవి మెదడుకి కబురు పెడతాయి. గుండె నిదానిస్తుంది, రక్తనాళాలు సడలుతాయి, పోటు దిగుతుంది. మరీ దిగితే అంతా తిరగబడుతుంది. కబురు వెళ్లి, పని జరిగి, మళ్లీ మొదటికి వచ్చేసరికి దాదాపు పది సెకన్లు పడుతుంది. ఊపిరి కూడా పది సెకన్లకొకటి తీస్తే ఏమవుతుంది? పెరట్లో జామచెట్టుకి కట్టిన ఉయ్యాల గుర్తుందా? వెనక్కొచ్చి ఆగిన క్షణంలో తోస్తే చిన్న తోపుకే కొమ్మ దాకా లేచేది. మీ అక్క వేళ కాని వేళ తోసి నిన్ను కింద పడేసింది కూడా. క్లాసులో అనునాదం అని చెప్పేవాణ్ణి చూడు, గుండెలో జరిగేదీ అదే. మామూలుగా మనిషి నిమిషానికి 12 నుంచి 20 ఊపిర్లు తీస్తాడు. అది ఆరుకి దిగినప్పుడు నాడి ఎక్కి దిగే అల బాగా పెద్దదవుతుంది, పోటును సరిదిద్దే ఆ ఏర్పాటుకి మంచి కసరత్తు దొరుకుతుంది.

అమెరికాలో పాల్ లెహ్రర్ అనే మనస్తత్వవేత్త, ఆయనతోపాటు వాషిల్లో దంపతులు దీన్ని 2000లో శిక్షణ పద్ధతిగా రాసిపెట్టారు. అందరికీ ఆరే కుదరదు. నాలుగున్నర నుంచి ఆరున్నర మధ్య ఎక్కడో ఒకచోట ఎవరిది వాళ్లకి ఉంటుంది. పొడుగువాళ్లకి కాస్త తక్కువ దగ్గర ఉంటుందంటారు, నీకు ఐదున్నర దగ్గర తగలొచ్చు. అది వెతకడానికే బయోఫీడ్‌బ్యాక్. ఛాతీకి బెల్టు కట్టుకుంటే ఫోన్లో నాడి గీత కనిపిస్తుంది. ఆరున్నర, ఆరు, ఐదున్నర, ఐదు, నాలుగున్నర, ఒక్కోటి రెండేసి నిమిషాలు చేసి చూడు. అల ఎక్కడ అన్నిటికన్నా ఎత్తుగా, నున్నగా లేస్తే అదే నీది. ఒంట్లో మనకి తెలియకుండా నడిచేదాన్ని కంటికి చూపించి, చూస్తూ సర్దుకోమనడమే ఈ విద్యంతా. వేళ్ల వేడితో, కండరాల బిగువుతో, చెమటతో చేసేవీ ఉన్నాయి. వాచీ పచ్చ వెలుతురు చర్మం మీద వేసి రక్తం కదలికను చూస్తుంది, చెయ్యి కదిలితే లెక్క చెడుతుంది. బెల్టు గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కాబట్టి దీనికి అదే నయం.

నా మట్టుకు నేను చెప్పేది ఒకటే. నీ లెక్క తెలిశాక బెల్టు తీసి బీరువాలో పెట్టు. అంకె పెరిగిందా లేదా అని చూస్తూ ఊపిరి తీస్తే కొత్త దడ పట్టుకుంటుంది.

ఒకరోజు మీ అమ్మ పాట సాధన చేస్తుంటే బతిమాలి బెల్టు కట్టించాను. "ఏటండీ, పాటకి కూడా లెక్కలేటి?" అంది. తీరా చూస్తే విలంబంలో, అంటే నిదానంగా పాడేటప్పుడు, ఆవిడ అల నా అలకన్నా ఎత్తుగా, సాఫీగా లేచింది. 1919 నుంచి ఈ ఊళ్లో సంగీత కళాశాల ఉంది, అక్కడ నేర్చుకున్నవాళ్లకి దీర్ఘంగా ఊపిరి వదలడం కొత్త కాదు మరి. ఇటలీలో బెర్నార్డి అనే డాక్టరు బృందం 2001లో ఒక పరీక్ష ప్రచురించింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చదివినా, బౌద్ధుల మంత్రం చదివినా ఊపిరి తనంత తానే నిమిషానికి ఆరు దగ్గరికి దిగిందట. మీ అమ్మకి చెబితే, "చెప్పడానికి ఇటలీ దాకా ఎల్లాలా" అని వంటింట్లోకి పోయింది.

బిగబట్టడం మాత్రం వేరే విద్య. మన వీరఘట్టంలో పుట్టి ఈ ఊళ్లో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరించి తెంపేవాడని తాతయ్య నీకు చెప్పేవారు. అది మల్లుడి సాధన. గుండె ఆపేస్తామన్న యోగుల్ని వెంగర్, బాగ్చి, ఆనంద్ అనే ముగ్గురు పరిశోధకులు పరీక్షించి 1961లో అచ్చువేశారు. ఆ యోగులు ఊపిరి బిగబట్టి ఛాతీ బిగించినప్పుడు గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి నాడి చేతికి అందలేదు, చప్పుడూ వినపడలేదు. ఇసిజి గీత మాత్రం నడుస్తూనే ఉంది! మనకి ఆ బిగింపులు వద్దు. దడ ఉన్నవాడివి, ఊపిరి గబగబా కొట్టే భస్త్రిక, కపాలభాతి లాంటి ప్రాణాయామాల జోలికీ పోకు.

నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు. మధ్యలో ఆపకు. లోతుగా పీల్చాలని ఆరాటపడకు, నెమ్మది చాలు. ఎక్కువ గాలి లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు చిమచిమలాడతాయి, గుండెకేదో అయిందని ఇంకా భయపడతావు. లెహ్రర్ పద్ధతిలో పూటకి ఇరవై నిమిషాల చొప్పున రోజుకి రెండుసార్లు చేయమంటారు. అంత తీరికే ఉంటే నీకీ ఒత్తిడే ఉండదు. పడుకునే ముందు పది నిమిషాలు, నైట్ డ్యూటీ కాల్ ఎత్తేముందు ఐదారు ఊపిర్లు, అక్కడితో మొదలుపెట్టు.

నేనూ చేస్తున్నాను. అయ్యకోనేరు గట్టు మీద నడక అయ్యాక బెంచీ మీద కూర్చుని. బీపీ కాస్త దిగింది, మాత్ర మాత్రం మానలేదు, దాని సంగతి డాక్టరే చూస్తారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2013లో యంత్రం సాయంతో చేసే నెమ్మది శ్వాసని చికిత్సకి తోడుగా వాడొచ్చంది. తోడుగానే. ఇంకోమాట, ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి దవడకో చేతికో పాకినా, చల్లటి చెమట పట్టినా ఊపిర్లు లెక్కపెడుతూ కూర్చోకు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

బెల్టు కొరియర్‌లో పంపుతున్నాను, కొత్త బ్యాటరీ వేశాను. కట్టుకునేముందు లోపలి వైపు నీళ్లతో తడుపు, పొడిగా ఉంటే గీత తప్పులు చూపిస్తుంది. అదే పెట్టెలో మీ అమ్మ భీమాళి తాండ్ర పెట్టింది. పార్సిల్ అందగానే అక్కకి సగం ఇవ్వమంది.

ఆశీస్సులతో,
నాన్న