సోషల్ కంప్యూటింగ్ చెప్పబోతున్న రవికి

కాకినాడ

ఒరేయ్ రవీ,

నీ మెసేజ్ చూశాను. వచ్చే సెమిస్టర్ సోషల్ కంప్యూటింగ్ ఎలెక్టివ్, అంటే జనం కలిసి వాడే సాఫ్ట్‌వేర్ గురించి, అది వాళ్ల ప్రవర్తనని మార్చే తీరు గురించి చెప్పే సబ్జెక్టు, నీకే ఇచ్చారట. ఎవరికి ఎవరితో సంబంధమో చుక్కలు, గీతలతో చూపించే గ్రాఫ్ థియరీతో మొదలుపెట్టనా అని అడిగావు. వద్దురా. మొదటి రోజే బోర్డు మీద నోడ్, ఎడ్జ్, సెంట్రాలిటీ లాంటి దాని పదాలు రాస్తే పిల్లలు ఈ కోర్సుని డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టుకి కొనసాగింపు అనుకుంటారు. సూత్రాలు బట్టీపట్టి పాసైపోతారు. ప్రోగ్రాంలో ఒక చిన్న నియమం మార్చినా దాన్ని వాడే జనం ప్రవర్తన మారిపోతుందన్నది ముందు వాళ్లకి అర్థం కావాలి. ఆ తర్వాత గ్రాఫులు ఎందుకు పనికొస్తాయో వాళ్లే అడుగుతారు.

మొదటి క్లాసుకి వాట్సాప్ ఫార్వర్డ్ తీసుకో. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎలా పాకిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో, రైన్‌పాడా అనే ఊళ్లో, ఐదుగురిని కొట్టి చంపేశారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్‌లకే పంపగలిగేలా కట్టడి పెట్టింది. ఫోటోలు, వీడియోల పక్కనుండే ఫార్వర్డ్ బటన్ కూడా తీసేసింది.

ఇక్కడ ఆగి క్లాసుని అడుగు: అబద్ధపు మెసేజ్‌నే నేరుగా ఆపొచ్చు కదా, ఎందుకు ఆపలేదు? మెసేజ్‌ని రహస్య సంకేతంగా మార్చి పంపే ఎన్‌క్రిప్షన్ గురించి చదువుకున్నవాళ్లు ఎవరో ఒకరు లేచి, మధ్యలో ఉన్న సర్వర్‌కి మెసేజ్‌లో ఏముందో కనపడదు సార్ అంటారు. లోపల ఏముందో తెలియనప్పుడు అది పాకే వేగాన్నే తగ్గించగలరు. 2020 ఏప్రిల్‌లో, కరోనా పుకార్లు నడుస్తుండగా, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేశారు. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ నెలాఖరుకే కంపెనీ ప్రకటించింది. అది కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న అంకె అన్న సంగతి కూడా పిల్లలకి చెప్పు.

తెలంగాణలోని గద్వాల సంగతి మాత్రం వదలకు. 2018లో అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపి, డప్పులు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలు నమ్మొద్దని చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన పుకారుకి విరుగుడు ఫోన్‌లోనే దొరకాలని లేదు. కంప్యూటర్ సైన్స్ క్లాసులో ఈ మాట ఎవరూ చెప్పరు, నువ్వు చెప్పు.

తర్వాత వారం చదరంగం బల్ల, రూపాయి నాణేలు, రెండు రూపాయల నాణేలు పట్టుకెళ్లు. ఒకే రకం మనుషులు ఒక చోట గుంపులుగా ఎలా చేరతారో చూపించడానికి ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో ప్రచురించిన నమూనాని కంప్యూటర్ ముట్టకుండా చేతులతోనే ఆడించు. రెండు రకాల నాణేల్నీ కలగలిపి పరిచి, కొన్ని గళ్లు ఖాళీగా వదిలేయాలి. ఒక నాణెం చుట్టూ ఉన్నవాటిలో కనీసం మూడో వంతు దానిలాంటివే ఉంటే అది కదలదు. లేకపోతే లేచి ఇంకో ఖాళీ గడికి వెళ్తుంది. నియమం ఇంతే. ఏ నాణెమూ పక్కదాన్ని పొమ్మనలేదు, అయినా కాసేపటికి బల్ల మీద రూపాయలు ఒక చోట, రెండు రూపాయలు ఒక చోట గుంపులు కడతాయి.

అప్పుడు తప్పకుండా ఎవరో ఒకరు, "అయితే ఎవరి తప్పూ లేదు కదా సార్" అంటారు. ఆ మాట దగ్గర ఎంతసేపైనా ఉండు. మన ఊళ్లలో వాడలు ఊరికి దూరంగా ఉండటం ఇలా మెల్లమెల్లగా, ఎవరికీ తెలియకుండా జరిగింది కాదు. మనుషులు కట్టుబాట్లు పెట్టి, బలవంతంగా చేసిన పని అది. బయట కనిపించేది నమూనాలో కూడా వచ్చింది కాబట్టి కారణం కూడా అదేనని అనుకోకూడదు. కోర్సు మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన గంట ఇదే.

సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో ప్రచురించిన పాటల ప్రయోగానికి అరగంట చాలు. 48 పాటలు, 14,000 మందికి పైగా జనం. వాళ్లలో కొందర్ని ఎనిమిది గుంపులు చేసి, ఎవరి గుంపు డౌన్‌లోడ్ లెక్కలు వాళ్లకే చూపిస్తే, ఒక గుంపులో నెత్తికెక్కించుకున్న పాట ఇంకో గుంపులో అడుగున పడి ఉంది. ఇది విన్నాక ట్రెండింగ్ లిస్టుని పిల్లలు అదే కళ్లతో చూడరు.

అసైన్‌మెంట్ తెలుగు వికీపీడియా మీద ఇవ్వు. 2003 డిసెంబర్ నుంచి జీతం లేని మనుషులు నడుపుతున్నది అది. ఒక వ్యాసం ఎంచుకుని దాని మార్పుల చరిత్ర, చర్చ పేజీ మొదటి నుంచి చదవమను. అక్కడ రాసేవాళ్లందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో ఒక వాదన ఎలా మొదలై ఎలా తెగిందో రాయమను. ఆ తర్వాతే ఒక చిన్న దిద్దుబాటు. క్లాసు అందరినీ తలో వ్యాసం రాయమని మాత్రం అనొద్దు. మార్కుల కోసం మెషీన్ అనువాదాలు తెచ్చి పడేస్తే వాటిని బాగుచేసే భారం అక్కడున్న కొద్దిమంది మీద పడుతుంది. కష్టపడేది ఒకరు, లాభపడేది ఇంకొకరు అయితే నలుగురూ కలిసి పనిచేసే గ్రూప్ సాఫ్ట్‌వేర్ నిలబడదని జొనాథన్ గ్రూడిన్ అనే పరిశోధకుడు 1988లోనే రాశాడు. అది మన అసైన్‌మెంట్లకి కూడా వర్తిస్తుంది.

ఒక్క విషయంలో మెత్తగా ఉండకు. ప్రాజెక్టు అనగానే పిల్లలు క్లాస్ గ్రూపు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చేస్తారు. అందులో అందరి నంబర్లు, అందరి గొడవలు ఉంటాయి, ఎవరినీ అడిగి ఉండరు. 2012 జనవరిలో ఫేస్‌బుక్ 6,89,003 మంది న్యూస్‌ఫీడ్‌ని వాళ్లని అడక్కుండానే వారం పాటు మార్చి వాళ్ల మూడ్ ఎలా మారుతుందో చూసింది, 2014లో ఆ పరిశోధన పేపరు బయటికి రాగానే గోల లేచింది. ప్రాజెక్టులు మొదలయ్యే ముందే ఆ కథ చెప్పు. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటేనే డేటా తీసుకోమను.

మిడ్ పేపర్‌కి ఒక ప్రశ్న అనుకున్నాను. హాస్టల్ మెస్ మీద ఫిర్యాదులకి ఒక యాప్ ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు వార్డెన్‌కి కనపడాలా, అందరికీ కనపడాలా, ఎవరికీ కనపడకూడదా? ఒక్కో పద్ధతిలో ఎవరు రాస్తారు, ఎవరు నోరు మూసుకుంటారు? దీనికి జవాబు బట్టీపట్టడం కుదరదు. నువ్వు ఇంకో రెండు ఆలోచించి పంపు, ఇద్దరం కలిసి ఒక ప్రశ్నల బ్యాంకు చేసుకుందాం. సిలబస్ పీడీఎఫ్ కూడా పెట్టు, నాలుగో యూనిట్‌లో ఏం ఇరికించారో చూడాలి.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
శీను