స్లో లోరిస్ మొహం ఎలా చదవాలంటే

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన నాలుగు ఫొటోల్లోనూ ఒకటే జంతువులా ఉందన్నావు. ఇందులో నీ తప్పేం లేదురా. స్లో లోరిస్‌లంటే రాత్రిపూట చెట్ల మీద తిరిగే చిన్న జంతువులు కదా, బోర్నియో దీవిలోవన్నీ ఒకే జాతి అని శాస్త్రవేత్తలే చాలాకాలం అనుకున్నారు. మండ్స్, నెకారిస్, ఫోర్డ్ అనే పరిశోధకులు వాటి ముఖం మీది మచ్చల్ని విడివిడిగా పోల్చి 2013లో నాలుగు జాతులుగా తేల్చారు: కయాన్, బంకానస్, మెనగెన్సిస్, బోర్నియానస్. కయాన్ నది పేరు పెట్టిన జాతికి అంతకుముందు పేరే లేదు. మన శేషాచలం దేవాంగపిల్లికి ఇవి చుట్టాలే, కాకపోతే బొద్దుగా ఉంటాయి.

మొహం మొత్తాన్నీ ఒక్కసారే చూడకు. ముందు కంటి చుట్టూ ఉన్న నల్లమచ్చ పై అంచు చూడు: గుండ్రంగా ఉందా, మొనదేలిందా, వేలితో చెరిపినట్టు మసకగా ఉందా? తర్వాత కింది అంచు చెంప ఎముక దాటిందా లేదా చూడు. కళ్ల మధ్య తెల్లగీత, చెవి ముందు పట్టీ, నడినెత్తి మచ్చ ఆ తర్వాతే.

కయాన్‌కి నలుపు తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, బొచ్చు పొడుగు, నల్లమచ్చ చెంప ఎముక కిందికి జారుతుంది. బంకానస్‌కి పై అంచు మసక, కింది అంచు ఆ ఎముక దాటదు, తెల్లగీత సన్నం, వీపు ఎర్రన. మెనగెన్సిస్ మొహం ఫొటో వెలిసిపోయిందా అనిపించేంత పాలిపోయి ఉంటుంది. అసలు చిక్కు బోర్నియానస్‌తోనే. దాని నలుపూ ముదురే కాబట్టి కయాన్ అనేస్తారు. పై అంచు గుండ్రంగానో మసకగానో ఉంటే తొందరపడకు, మొనదేలి ఉంటే కయాన్ వైపు మొగ్గు. ఏ ఒక్క గుర్తుతోనూ తేల్చెయ్యకు.

ఎర్రలైటు వాటి కళ్లను తెల్లలైటంత ఇబ్బంది పెట్టదు, రాత్రి వెతకడానికి అదే వాడాలి. కానీ ఆ వెలుగులో ఎర్రబొచ్చు కూడా తెల్లగా కనిపించి బంకానస్ కాస్తా మెనగెన్సిస్ అయిపోతుంది! ఫొటోకి మాత్రం పక్కనుంచి పడే మెత్తని తెల్లవెలుగు కావాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే మచ్చల అంచులు మాయం. తల వంచితే గుండ్రటి అంచు కూడా మొనలా కనిపిస్తుంది, తడిబొచ్చు పాయలు కట్టి మచ్చ ఆకారమే మార్చేస్తుంది. అందుకే ఎదురుగా ఒకటి, రెండు పక్కలా, పైనుంచి నెత్తి, వీపు, మొత్తం అయిదు తియ్యాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2007 నుంచి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధమైనా వీటిని ఇంకా అమ్ముతున్నారు. సంతలో పట్టుబడ్డ జంతువు ఏ అడవిదో చెప్పేవాడుండడు. ఉన్న ఆధారాల్లో మొదటిది మొహమే. దాన్ని తప్పు చదివితే తనది కాని అడవిలో వదిలేస్తారు పాపం.

నీ మూడో ఫొటో ఎర్రలైటులో తీసింది, దాంతో ఏమీ చెప్పలేం. అదే జంతువుది తెల్లవెలుగులో, తల నిటారుగా ఉన్నది దొరుకుతుందేమో చూసి పంపు.

నీ
రఘు